సగం వాక్యానికి ఆమేన్

అలెగ్జాండ్రియాలో మా యూదుల ప్రార్థనాలయం ఎంత పెద్దదంటే, వేదిక మీద చదివే మనిషి గొంతు వెనక వరసల దాకా వెళ్ళదు. మంచి గొంతున్నవాణ్ణే చదవడానికి పెడతారు. అయినా వెళ్ళదు. అందుకని మధ్యలో చెక్క అరుగు ఒకటి కట్టి, దాని మీద ఓనియాస్ తాతను నిలబెట్టారు. ఆయన చేతిలో బారెడు నార గుడ్డ ఉంటుంది. చదివేవాడు పాఠం ముగించి గ్రంథపు చుట్ట అంచు మీద అరచెయ్యి ఆనిస్తాడు. అది గుర్తు. తాత గుడ్డ ఎత్తి ఊపుతాడు. అప్పుడు ముందువాళ్ళూ వెనకవాళ్ళూ, విన్నవాళ్ళూ విననివాళ్ళూ అందరూ ఒక్కసారిగా ఆమేన్ అంటారు. ఆ చప్పుడుకి కప్పు మీది పావురాలు లేచిపోతాయి. రేవులో లంగరేసిన ఓడల మీదికి కూడా వినపడుతుందని సరంగులు చెబుతారు.

పదకొండేళ్ళు ఆ చుట్ట మీద అరచెయ్యి ఆనించినవాణ్ణి నేను. నా పేరు దోసితియోస్.

లోపల ఎవరి పనివాళ్ళతో వాళ్ళు కూర్చోవడం మా ఆచారం. కంసాలుల బల్లలు వేరు, కంచరివాళ్ళవి వేరు, నేతవాళ్ళవి బాగా వెనక, ఉత్తరపు గోడ పక్కన. పొరుగూరి నుంచి కొత్తవాడెవరైనా వస్తే తన పనివాళ్ళ బల్ల వెతుక్కుని వెళ్తాడు. వాళ్ళు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఏ ఊరు, ఏ పని, ఎవరి మనిషివి. జవాబు చెప్పాక జరిగి చోటిస్తారు. పొద్దుగూకేలోగా అతనికి ఒక ఇల్లూ, మర్నాటికి ఒక పనీ కుదిరిపోతాయి. చేతిపని లేనివాణ్ణి నేను. మా నాన్న, రోమువాళ్ళు రాకముందు, పాత రాజుల కాలంలో ఎవరెవరి కాళ్ళో పట్టుకుని నన్ను గ్రీకు విద్యాశాలలో చేర్పించాడు. అక్కడ నేర్చుకున్న గొంతే నాకు ముందు వరసలో, పెద్దల కుర్చీల పక్కన చోటు ఇప్పించింది.

నా భార్య అర్సినోయె నేతవాళ్ళ పిల్ల. పెళ్ళప్పుడు మా నాన్న మొహం ముడుచుకున్నాడు. తర్వాత ఆమె వండిన పప్పు తిని సర్దుకున్నాడు. ఆమె తమ్ముడు సబ్బతయోస్. మూడు మగ్గాలున్నాయి అతనికి. ఓనియాస్ తాత ఊపే గుడ్డ ఏటేటా అతని మగ్గం మీదే దిగుతుంది. దాని అంచులు కుట్టే పని అర్సినోయెది. ఆమె పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పుడు వాడుతున్న గుడ్డ ఆమె కుట్టిన చివరిది. మార్చాల్సిన వేళ దాటిపోయినా సబ్బతయోస్ కొత్తది తేలేదు, ఎవరూ అడగలేదు.

ఆమె పోయిన మొదటి వారం నేను వేదిక ఎక్కి, నోరు పెగలక నిలబడిపోయాను. అంత జనంలో, అంత దూరంలో, ఉత్తరపు గోడ దగ్గర ఎవరో చెయ్యి పైకెత్తి పట్టుకోవడం కనపడింది. సబ్బతయోస్. ఊపలేదు, పిలవలేదు. ఊరికే ఎత్తి పట్టుకున్నాడు. నేను చదవడం మొదలుపెట్టే దాకా దించలేదు. ఆ తర్వాత ప్రతి వారం నేను వేదిక ఎక్కగానే ఆ చెయ్యి లేచేది. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇక ఒక మాట సంగతి చెప్పాలి. మన గ్రంథాన్ని గ్రీకులోకి మార్చిన పెద్దలు ఇశ్రాయేలు ప్రజలను పిలవడానికి లాఓస్ అనే మాట ఎంచుకున్నారు. జనం అని. తక్కిన జాతులన్నిటికీ వేరే మాట వాడి, దీన్ని మాత్రం మనకోసం పక్కన పెట్టారు. అర్సినోయె బతికుండగా, ఒక విశ్రాంతి దినం ముగిసిన రాత్రి, భోజనాల దగ్గర సబ్బతయోస్ అడిగాడు.

"బావా, వారం వారం చదువుతావు కదా, లాఓస్ అని. అసలు దానికి అర్థం ఏంటి?"

నేను అందుకున్నాను. వెనకటి యుద్ధగీతాల్లో నాయకుడి వెంట నడిచే మగవాళ్ళను అలా అనేవారని చెప్పాను. ఈ దేశంలో రాజుగారి పొలాలు దున్నే రైతుల్ని, గాడిదలు తోలేవాళ్ళని అదే మాటతో పిలుస్తారని, అంత నేలబారు మాటను పెద్దలు మనకోసం తీసుకోవడం వెనక గొప్ప ఆలోచన ఉందని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను.

"బావా, పప్పు చల్లారిపోతోంది," అన్నాడు సబ్బతయోస్. "నువ్వు చెప్పింది అర్థమయ్యేట్టయితే నేనూ ఆ విద్యాశాలకే వెళ్ళుండేవాణ్ణి."

అర్సినోయె రొట్టె తుంచుతూ అంది: "అంత దూరం ఎందుకు వెళ్తారు? ఎవరు తప్పు చేస్తే మనకి సిగ్గేస్తుందో, వాళ్ళు మన జనం. రేవులో ఎవడో సిరియావాడు తాగి పడిపోతే మీకేమవుతుంది? నవ్వొస్తుంది. మన వీధివాడు పడిపోతే తలుపేసుకుంటారు."

"అయితే మొన్న పండక్కి నేను పడిపోయినప్పుడు తలుపేసుకున్నావా అక్కా?"

"వేసుకోకేం? నిన్ను లోపలికి ఈడ్చుకొచ్చి మరీ వేశాను."

ముగ్గురం నవ్వుకున్నాం. అది వ్యాఖ్యానం కాదు, ఆడవాళ్ళ మాట అనుకుని నేను మళ్ళీ నా వివరణ అందుకున్నాను. ఆమె పప్పు వేడిచేసి తెచ్చింది.

రోమువాళ్ళు వచ్చాక మనుషుల్ని లెక్క రాయడం మొదలుపెట్టారు. ఇల్లిల్లూ, తలతలా. అలెగ్జాండ్రియా పౌరుల పేర్లు ఒకచోట, తక్కినవాళ్ళందరివీ ఇంకోచోట. ఆ రెండో పట్టీ పేరులో కూడా అదే మాట ఉంది. జనం పట్టీ. అందులో పేరు పడినవాడు తలపన్ను కట్టాలి. పన్ను కట్టలేక కాదు నా బాధ. అది కట్టినా నా బతుక్కి లోటు రాదు. ఏ మాటనైతే పదకొండేళ్ళు వేదిక మీద గొంతెత్తి చదివానో, అదే మాట కింద, గాడిదలు తోలేవాడి పేరు పక్కన నా పేరు ఉండటం నేను భరించలేకపోయాను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. అందుకే అర్జీ రాశాను. నేను అలెగ్జాండ్రియావాణ్ణని, గ్రీకు విద్యాశాలలో చదివానని, ఆ పట్టీలో చేరాల్సినవాణ్ణి కానని. నాలుగుసార్లు తిరగరాసి, మంచి చేతిరాతతో పట్టుకెళ్ళాను.

పట్టీల కచేరీ మెట్ల మీద రెండు వరసలు. కుడివైపు అర్జీలవాళ్ళం, చెప్పులేసుకున్నవాళ్ళం. ఎడమవైపు పేర్లు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు. పైన గుడారపు గుడ్డ నీడలో హెర్మియాస్ అనే గుమాస్తా కూర్చున్నాడు. మర్యాదస్తుడే. నా గ్రీకు విని కాస్త సర్దుకుని కూర్చున్నాడు.

"బాగా రాశారు. ఈమధ్య ఇలాంటి రాత చూడలేదు," అన్నాడు. "ఒక్కటి చెప్పండి. మీ దగ్గర చుట్టాల్లో ఆ పట్టీలో పేరు పడేవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరు," అన్నాను.

అప్పుడే ఎడమ వరసలోంచి కేక వినపడింది. "బావా!"

సబ్బతయోస్. కాళ్ళకు చెప్పుల్లేవు. చేతులకి రంగు, జుట్టులో నూలు పోగులు. చిన్న మూట ఒకటి పట్టుకుని వరస వదిలి మెట్లెక్కి వస్తున్నాడు. నన్ను చూసినందుకు మొహమంతా సంతోషం.

"పొద్దున్నుంచి నిలబడ్డావా? ఏమన్నా తిన్నావా? అంజూర పళ్ళున్నాయి, ఇంద." తర్వాత గుమాస్తా వైపు తిరిగాడు. "అయ్యా, ఈయన్ని ఎండలో నిలబెట్టకండి. గొంతు పాడవుతుంది. మా ప్రార్థనాలయంలో చదివేది ఈయనే. అంతటి చదువరి మా వీధుల్లో ఇంకొకడు లేడు."

నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

హెర్మియాస్ అతని కాళ్ళ వైపు, నా కాళ్ళ వైపు చూశాడు. "ఈయన మీకేమవుతాడు?"

ఆ క్షణంలో నాకు ఏ ఆలోచనా రాలేదు. రాలేదంటే అబద్ధమేమో. అర్జీ నాలుగుసార్లు తిరగరాసిన శ్రమ గుర్తుకొచ్చింది.

"ఎవరో మనిషి," అన్నాను. "మా ఇంటికి బట్టలు తెస్తుంటాడు."

సబ్బతయోస్ మొహంలో సంతోషం ఒక్కసారిగా పోలేదు. నూనె అయిపోతున్న దీపంలా కొంచెం కొంచెంగా తగ్గింది. తర్వాత అతను చేసిన పని నేను జీవితంలో మరచిపోను. నవ్వాడు.

"అవునయ్యా," అన్నాడు గుమాస్తాతో. "బట్టలు తెచ్చే మనిషినే. బావా అని పిలవడం మావాళ్ళకి అలవాటు, అందర్నీ అలాగే పిలుస్తాం. తప్పు పట్టుకోకండి." మూట నా పక్కన మెట్టు మీద పెట్టాడు. "ఇవి నేనివ్వాల్సిన బట్టల బాకీలో చెల్లు, అయ్యగారూ," అని దిగి వెళ్ళి, తన వరసలో అందరికంటే వెనక నిలబడ్డాడు. పొద్దుటి నుంచి నిలబడి సంపాదించుకున్న చోటు పోయింది.

పది రోజులాగి రమ్మన్నాడు హెర్మియాస్.

మూట ఇంటికి తెచ్చాను. విప్పలేకపోయాను. అర్సినోయె కూర్చునే పీట మీద పెట్టాను. మూడో రోజుకి చీమలు బారు కట్టాయి. వాటిని తోలబుద్ధి కాలేదు. ఆ వారమంతా సబ్బతయోస్ ఇంటి మీదుగా వెళ్ళే వీధి మానేసి, కుండల బజారు చుట్టూ తిరిగి వచ్చాను. మగ్గాల చప్పుడు అక్కడికీ వినపడుతుందని అంతకుముందు నాకు తెలియదు.

విశ్రాంతి దినం వచ్చింది. అతను రాడనుకున్నాను. రాకూడదనీ అనుకున్నాను.

ఆ వారం పాఠం నేను ఎంచుకున్నది కాదు, వరసలో వచ్చింది. ప్రవక్త నోటి వెంట దేవుడు కోపంగా మాట్లాడే చోటు. వీళ్ళిక నా జనం కారు అంటాడు. కొన్ని వాక్యాలు దాటాక కోపం కరిగి, కాదన్న చోటే మళ్ళీ మీరు నా పిల్లలు అని పిలుచుకుంటాడు. ఆ రెండు ముక్కలూ ఒక్క ఊపులో చదవాలని మా గురువు నేర్పాడు. మధ్యలో ఆగకూడదు.

వేదిక ఎక్కాను. చూడకూడదనుకుంటూనే ఉత్తరపు గోడ వైపు చూశాను. చెయ్యి లేచింది. ఎప్పటిలాగే. ఊపలేదు. ఊరికే ఎత్తి పట్టుకున్నాడు.

చదవడం మొదలుపెట్టాను. గొంతు బాగానే పలికింది. "జనం కారు" అన్న మాట దగ్గరికి వచ్చాను. చదివాను. అది చదివింది నా గొంతేనా, కచేరీ మెట్ల మీది గొంతా అనిపించింది. అక్కడ ఆగిపోయాను. పడిపోతాననిపించి చెయ్యి చాచి దొరికినదాన్ని పట్టుకున్నాను. దొరికింది చుట్ట అంచు.

ఓనియాస్ తాత గుడ్డ ఎత్తాడు.

ఆమేన్ అన్నారు అందరూ. వేల గొంతులు. దేవుడు మీరు నా జనం కారన్న మాటకి, ఆడా మగా పిల్లా జెల్లా అందరూ కలిసి అలాగే కానీ అన్నారు. పావురాలు లేచాయి.

ముందు వరసలవాళ్ళకే తెలిసింది ఏం జరిగిందో. ఒకాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వెనకవాళ్ళు ఏమీ తెలియక తీరిగ్గా సర్దుకుని కూర్చున్నారు. ఎవరో నన్ను దించారు. ఎవరో నీళ్ళిచ్చారు. ఇంకొకరు మిగతా పాఠం చదవబోతే, ఆమేన్ పడిపోయాక మళ్ళీ ఎలా తెరుస్తారని పెద్దలు వాదులాడుకున్నారు. చివరికి చుట్ట మూసేశారు.

పొద్దుగూకే సరికి వీధి వీధికీ పాకింది. మనమీద మనమే శాపం పెట్టుకున్నామని ఆడవాళ్ళు ఏడ్చారు.

మర్నాడు పొద్దున్న ప్రార్థనాలయం ముంగిట్లో పెద్దలు కూర్చున్నారు. చుట్టూ యాభై అరవైమంది. మధ్యలో ఓనియాస్ తాత, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని మడత పెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడత పెడుతూ. పెద్దల్లో పెద్ద నికానోర్. అతనిది కఠినమైన మనసు కాదు. కానీ ఊరంతా తనవైపే చూస్తోందని అతనికి తెలుసు.

"తాతా, చూపు ఆనకపోతే చెప్పాలి కదా," అన్నాడు.

"ఆనుతుంది బాబూ. చెయ్యి కనపడింది నాకు. చుట్ట మీద పడిందనే అనుకున్నా."

"ముప్పై ఏళ్ళు సరిగ్గా ఊపాడు," అన్నాడు వెనక నుంచి ఒక కంచరి. "ఒక్కరోజు దేవుడు మాట్లాడుతుంటే మధ్యలో ఊపాడు. ఆయన నోటికే అడ్డం పడ్డాడు."

కొందరు నవ్వారు. నవ్వినందుకు వాళ్ళలో వాళ్ళే ఒకరినొకరు కసురుకున్నారు.

"ఇంకొకరిని పెడదాం," అన్నాడు నికానోర్. "నీకు రొట్టె ఆగదు తాతా, దానికి భయపడకు. కానీ గుడ్డ మాత్రం ఇచ్చెయ్యి."

"రొట్టె కోసం కాదు బాబూ," అన్నాడు తాత.

నేను నికానోర్ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఇదంతా విన్నాను. నోరు తెరవలేదు. ఇది కూడా రాయాలి. తాత లేచి, మెల్లగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చేదాకా తెరవలేదు. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యవారూ, మీ పాఠం పాడుచేశాను. మనసులో పెట్టుకోకండి. మీ ఇల్లాలు ప్రతి ఏడూ గుడ్డ తెచ్చి, తాతా, అంచులు మెత్తగా కుట్టాను, చేతులు కోసుకోవు అనేది. ఆమె మొహం చూసైనా నన్ను క్షమించండి."

"చెయ్యి పెట్టింది నేనే," అన్నాను.

"ఏమిటి?" అన్నాడు నికానోర్.

"తాత తప్పుగా చూడలేదు. పాఠం మధ్యలో చుట్ట మీద చెయ్యి ఆనించింది నేను. ఆయన ఎప్పుడూ చేసేదే చేశాడు."

అందరూ నా వైపు తిరిగారు. నికానోర్ మొహం మెత్తబడింది. "ఒంట్లో బాగాలేదా? చెప్పొచ్చు కదయ్యా. భార్య పోయి రెండేళ్ళు కూడా కాలేదు. నీ పరిస్థితి మాకు తెలియదా? మనసు చెదిరి ఉంటుంది. పాపం, ఎవరికి మాత్రం జరగదు?"

తలుపు తెరిచి పట్టుకున్నాడతను. అవునని ఒక్కసారి తలూపితే చాలు. అక్కడున్న సగంమంది కళ్ళలో అప్పుడే జాలి వచ్చేసింది. అర్సినోయె పేరు చెప్పి ఆ తలుపులోంచి వెళ్ళిపోవచ్చు. బతికున్న తమ్ముణ్ణి ఎవరో అన్నాను. ఇప్పుడు పోయిన అక్కను కూడా వాడుకోవాలా?

"అది కాదు," అన్నాను. మెట్ల సంగతి చెప్పాను. అర్జీలో ఏం రాశానో, గుమాస్తా ఏమడిగాడో, నేనేమన్నానో, సబ్బతయోస్ ఏమన్నాడో. అంజూర పళ్ళ సంగతి కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు గొంతు పలకలేదు. ముందు వరస దాకా కూడా వెళ్ళి ఉండదు.

కంచరివాడే అన్నాడు చివరికి, "అయితే నిన్న మేమందరం ఆమేన్ అన్నది ఈయనగారి అర్జీకన్నమాట."

ఎవరూ నవ్వలేదు.

కొంతకాలం నేను వేదిక ఎక్కకూడదని తీర్మానించారు. వచ్చే వారం అదే పాఠం మొదటి నుంచి మరొకరు చదవాలని, చివరిదాకా చదివి ముగించాలని కూడా. గుడ్డ తాత దగ్గరే ఉంచారు. లేచి వెళ్ళిపోతుంటే తాత నా భుజం తట్టాడు. ఎందుకు తట్టాడో నాకు తెలియదు. తిట్టి ఉండాల్సింది.

అక్కడి నుంచి నేరుగా కచేరీకి వెళ్ళాను.

"పది రోజులన్నాను కదా," అన్నాడు హెర్మియాస్. "ఇంకా మూడు రోజులుంది."

"ఒకటి దిద్దించాలి. దగ్గర చుట్టాల్లో పట్టీలో పేరున్నవాళ్ళు లేరన్నాను. ఉన్నారు. సబ్బతయోస్, నేత పని. నా భార్య తమ్ముడు."

హెర్మియాస్ కలం చెవి మీది నుంచి తీశాడు. "ఆ బట్టలు తెచ్చే మనిషా?"

"అతనే."

"ఇది రాస్తే మీ అర్జీ ఎటు వెళ్తుందో తెలుసా?"

"తెలుసు. రాయండి."

అతను ఆ సంగతి రాయలేదు. నా అర్జీ తీసి, నేను అంత ముచ్చటగా రాసుకున్న అలెగ్జాండ్రియావాడు అన్న మాట మీద అడ్డంగా గీత గీశాడు. దాని పైన, ఇరుకులో, అలెగ్జాండ్రియాలో ఉంటున్న యూదుడు అని రాశాడు. ఇసుక చల్లి ఊదాడు.

"చేతిరాత మాత్రం నిజంగా బాగుంది," అన్నాడు. నొప్పించకుండా పంపాలనుకున్నాడేమో.

ఆ వారం సబ్బతయోస్ ఇంటికి వెళ్ళాలనుకున్నాను. రెండుసార్లు వీధి మలుపు దాకా వెళ్ళి వచ్చేశాను. ఇంట్లో, ఒంటరిగా, అతను అన్నం పెడతాడనే భయమేసింది నాకు. పెట్టేస్తాడు. ఏమీ జరగనట్టు పెట్టేస్తాడు. నేను కాదన్నది నలుగురి ముందు. ఒప్పుకోవాల్సింది కూడా అతనివాళ్ళ నలుగురి ముందే అనుకున్నాను.

విశ్రాంతి దినాన లోపలికి వెళ్ళి, పెద్దల కుర్చీల వైపు వెళ్ళకుండా ఉత్తరపు గోడ వైపు నడిచాను. ముప్పై ఏళ్ళుగా ఆ ప్రార్థనాలయానికి వెళ్తున్నా, అటువైపు ఎన్నడూ నడవలేదు. నేల అక్కడ నునుపు తగ్గి ఉంది. బట్టలకి పట్టిన గంజి వాసన వేసింది, మా ఇంట్లో ఒకప్పుడు ఉండే వాసనే.

"అయ్యవారూ, దారి తప్పారా?" అన్నాడు ఒక ముసలి నేతగాడు. "పెద్దల కుర్చీలు అటు."

"మగ్గం ఎక్కడానికొచ్చారేమోరా," అన్నాడు ఇంకొకడు. "పడుగేదో పేకేదో అడుగు, చెబుతారు."

"ఈ చేతులతోనా? పోగులు పట్టించుకోవడానికి బాగుంటాయి."

నేను నిలబడే ఉన్నాను. బల్ల చివర సబ్బతయోస్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. లేవలేదు, నవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కొత్తగా వచ్చినవాణ్ణి అడిగినట్టే అడిగాడు.

"ఏ ఊరు?"

చుట్టుపక్కల బల్లలవాళ్ళు మావైపు తిరిగారు.

"ఈ ఊరే," అన్నాను.

"ఏ పని?"

"చేతిపని ఏదీ రాదు."

"ఎవరి మనిషివి?"

"అర్సినోయె మొగుణ్ణి," అన్నాను. అందరికీ వినపడాలని గొంతు పెంచాను. ఆ గొంతు అలా వాడటం అదే మొదటిసారి. "సబ్బతయోస్ బావని. ఆ రోజు కచేరీ మెట్ల మీద ఇతన్ని ఎవరో మనిషి అన్నాను. అది అబద్ధం."

సబ్బతయోస్ తల దించుకుని చేతుల మీది రంగు మరక గోటితో గీకుతున్నాడు.

"నాకు సిగ్గేసింది బావా," అన్నాడు చివరికి. "ఆ రోజు. నన్ను కాదన్నందుకు కాదు. నువ్వు అలా అంటుంటే, ఆ గుమాస్తా ముందు, నీ తరపున నాకు సిగ్గేసింది. తలుపేసుకుందామంటే అక్కడ తలుపు లేదు."

నాకు పప్పు చల్లారిన ఆ రాత్రి గుర్తొచ్చింది. అతనికీ గుర్తొచ్చిందో లేదో తెలియదు. నేను అడగలేదు.

అతను జరిగాడు. జానెడు చోటు. అతని పక్కవాడు గొణుక్కుంటూ ఇంకో జానెడు జరిగాడు. కూర్చున్నాను. సంచిలోంచి ఉతికి మడతపెట్టిన మూట గుడ్డ తీసి ఇచ్చాను.

"పళ్ళు బాగున్నాయా?" అన్నాడు.

"తినలేదు. చీమలు పట్టాయి."

"పోన్లే. ఎవరో ఒకరు తిన్నారు."

అక్కడ దూరంగా వేదిక మీదికి ఎవరో ఎక్కారు. పెదవులు కదులుతున్నట్టు తెలుస్తోంది. నేను చెవులు రిక్కించాను. ఒక్క ముక్క వినపడలేదు. దగ్గులు, చెప్పుల చప్పుడు, ఎక్కడో పిల్లాడి ఏడుపు. కోపం దగ్గర ఉన్నాడా, కోపం దాటాడా, ఆ వెనక్కి పిలుచుకునే మాటల దాకా వచ్చాడా, ఏమీ తెలియలేదు. మెడ చాచాను.

"ఏంటి, వినాలనా?" అన్నాడు సబ్బతయోస్ మెల్లగా. "ఇక్కడ వినపడదు బావా. ఎప్పుడూ వినపడదు. గుడ్డ చూసుకోవడమే."

"మరి నేను పదకొండేళ్ళు చదివింది?"

"ఏదో మంచే చదువుతున్నావనుకునేవాళ్ళం."

ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను. అతను మోచేత్తో పొడిచాడు. చూశాను. అర్సినోయె అంచులు కుట్టిన గుడ్డ ఓనియాస్ తాత చేతిలో పైకి లేచింది. చివరి వాక్యం దాకా చదివారో లేదో నాకు తెలియదు. నా పక్కన అందరూ నోరు తెరిచారు.

నేనూ ఆమేన్ అన్నాను.